ఊపిరితిత్తుల కణితి టీ కణాలను ఎక్కడెక్కడ ఆపుతుంది, పీడీ-ఎల్1 రిపోర్టును ఎలా చదవాలి

మీరు అడిగినవి మూడు. బయాప్సీలో గడ్డ లోపల టీ కణాలు (చెడిన కణాలను వెతికి చంపగల తెల్లకణాలు) కనిపించాయని రాశారు కదా, మరి అవి క్యాన్సర్ కణాలను ఎందుకు చంపడం లేదు? ఒంట్లో రోగనిరోధక శక్తి పెంచుకుంటే ఆ పని జరుగుతుందా? పీడీ-ఎల్1 (కణితి కణం మీద ఉండి టీ కణాన్ని ఆపే ప్రొటీన్) సున్నా శాతం వచ్చింది కాబట్టి ఇమ్యునోథెరపీ (టీ కణాలకున్న ఆ అడ్డు తీసే మందు) ఇక లేనట్టేనా?

రెండోదానికి జవాబు చిన్నది, ముందు అది చెప్పేస్తాను: జరగదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినంత మాత్రాన ఒళ్లంతా ఇమ్యూనిటీ పడిపోదు. అదే మనిషికి జలుబు చేస్తే తగ్గుతుంది, ఫ్లూ టీకా వేస్తే యాంటీబాడీలు పుడతాయి. కీమో వల్ల తెల్లకణాలు తగ్గడం వేరే సంగతి. అణచివేత జరిగేది ప్రధానంగా గడ్డలో, దాని చుట్టూ, దాని నుంచి లింఫ్ చేరే గ్రంథుల్లో. అది కూడా ఒక్క పద్ధతిలో కాదు. ఒక్కో రోగి కణితి ఒక్కో రకం అడ్డంకులు పెట్టుకుంటుంది. అందుకే ఒకే మందు ఒకరికి ఏళ్ల తరబడి పనిచేస్తుంది, పక్క మంచం మీదున్నవారికి రెండు నెలలకే చేతులెత్తేస్తుంది.

ఇక మొదటి ప్రశ్న. టీ కణం ఒక క్యాన్సర్ కణాన్ని చంపాలంటే వరసగా ఏమేం జరగాలో చూడండి. చచ్చిన కణితి కణాల శకలాలను డెండ్రిటిక్ కణం అనే కాపలా తెల్లకణం మింగి, ఊపిరితిత్తి మొదట్లోనో ఛాతీ మధ్యలోనో ఉన్న లింఫ్ గ్రంథికి మోసుకెళ్లాలి. అక్కడ ఆ ప్రొటీన్‌ను 8 నుంచి 11 అమైనో ఆమ్లాల ముక్కలుగా, ఎక్కువగా 9 ఉన్న ముక్కలుగా, కణం పైన పళ్లెంలా ఉండే హెచ్ఎల్ఏ అణువు మీద పెట్టి టీ కణానికి చూపించాలి. చూపిస్తే చాలదు. సీడీ80, సీడీ86 అనే అణువులు టీ కణం మీది సీడీ28ని తాకి రెండో సంకేతం ఇవ్వాలి. అది అందకుండా మొదటి సంకేతం మాత్రమే అందితే టీ కణం పనికిరాకుండా మందగిస్తుంది. రెండూ అందిన కణం వేల సంఖ్యలోకి పెరిగి, రక్తంలోకి వచ్చి, కణితి రక్తనాళపు గోడను పట్టుకుని దాటి, పీచులాంటి కణజాలంలోంచి దారి చేసుకుని, అదే ముక్కను అదే హెచ్ఎల్ఏ మీద చూపిస్తున్న కణాన్ని వెతికి పట్టుకోవాలి. అప్పుడు పెర్ఫోరిన్, గ్రాంజైమ్ అనే ప్రొటీన్లు వదిలి చంపుతుంది. ఈ వరసలో కణితి ఒక్కచోట అడ్డుపడినా చాలు.

దీనికి తోడు ఊపిరితిత్తి అసలే ఓర్పుగల అవయవం. రోజుకు సుమారు 10,000 లీటర్ల గాలి లోపలికి వెళ్తుంది. దాంతో వచ్చే ప్రతి ధూళికణానికీ వాపు తెచ్చుకుంటే మనిషి ఊపిరి తీసుకోలేడు. అందుకే గాలి గదుల్లోని మాక్రోఫేజ్‌లు (చెత్తను మింగే తెల్లకణాలు) మామూలుగానే గొడవ పెరగకుండా చూస్తాయి. కణితి ఈ సర్దుబాటునే వాడుకుంటుంది. తనంతట తాను కొత్తగా కనిపెట్టింది దాదాపు ఏమీ లేదు.

బయాప్సీలో కనిపించిన టీ కణాల విషయానికొస్తే, అవన్నీ కణితి కోసం వచ్చినవి కావు. ఫ్లూ వైరస్‌నో, ఎప్స్టీన్-బార్ వైరస్‌నో, సైటోమెగలో వైరస్‌నో గుర్తుపట్టే టీ కణాలు కూడా ఊపిరితిత్తి కణితుల్లో తిరుగుతుంటాయి. వాటికి అక్కడ చంపాల్సిందేమీ కనబడదు. సీడీ39 అనే గుర్తు లేని సీడీ8 కణాల్లో (చంపే రకం టీ కణాల్లో) ఇలాంటివే ఎక్కువని 2018లో వచ్చిన పరిశోధన చూపించింది. కాబట్టి ‘లింఫోసైట్లు ఉన్నాయి’ అన్న ఒక్క మాటకు పెద్ద అర్థం లేదు. అవి కణితి గూళ్ల లోపల ఉన్నాయా, అంచున పీచు కణజాలంలో ఆగిపోయాయా అన్నది దానికంటే విలువైన సమాచారం. టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రొటీన్ ఎక్కువగా ఉన్న గడ్డల్లో ఫైబ్రోబ్లాస్టులు (పీచు కణజాలం అల్లే కణాలు) చుట్టూ కొల్లాజెన్ పేర్చేస్తాయి, టీ కణాలు బయటే నిలబడిపోతాయి.

లోపలికి చేరి, సరైన ముక్కను గుర్తుపట్టిన కణాల్ని ఆపేది ఎక్కువగా పీడీ-1, పీడీ-ఎల్1 జంట. పీడీ-1 ప్రొటీన్ జన్యువును 1992లో తసుకు హోంజో బృందం కనుగొంది. టీ కణాల మీది మరో బ్రేకు సీటీఎల్ఏ-4 మీద పనిచేసిన జేమ్స్ ఆలిసన్‌తో కలిపి ఆయనకు 2018లో నోబెల్ వచ్చింది. పీడీ-1 రోగలక్షణం కాదు. ఉత్తేజం పొందిన ప్రతి టీ కణం మీదా అది మొలుస్తుంది, పోరాటం శ్రుతి మించకుండా ఉండటానికి. కణితి కణం మీది పీడీ-ఎల్1 దాన్ని తాకితే, టీ కణం లోపల ఎస్‌హెచ్‌పీ2 అనే ఎంజైమ్ వచ్చి చేరి, సీడీ28 నుంచీ, టీ కణ గ్రాహకం నుంచీ వచ్చే సంకేతాల్లోని ఫాస్ఫేట్లను ఊడబీకుతుంది. సంకేతం అక్కడితో చల్లారుతుంది. పీడీ-1 మందు అడ్డుకునేది ఈ తాకిడినే.

రిపోర్టు చదివేవాళ్లు తరచూ వదిలేసే సంగతి ఇక్కడే ఉంది. కణితి మీదికి పీడీ-ఎల్1 రెండు దారుల్లో వస్తుంది. మొదటి దారిలో టీ కణాలు వచ్చి గామా ఇంటర్ఫెరాన్ అనే సంకేత ప్రొటీన్ వదులుతాయి, కణితి కణంలో జాక్, స్టాట్1, ఐఆర్‌ఎఫ్1 అనే ప్రొటీన్లు వరసగా కదిలి పీడీ-ఎల్1 పైకి వస్తుంది. అంటే అది దాడికి ఎదురుగా లేచిన కవచం. అక్కడ దాడి చేసేవాళ్లు ఉన్నారన్నమాట, మందు వేస్తే పనిచేసే అవకాశం ఎక్కువ. రెండో దారిలో టీ కణాలతో సంబంధమే లేదు: ఈజీఎఫ్ఆర్ లాంటి క్యాన్సర్ జన్యువు లోపలి నుంచి దాన్ని తయారు చేయిస్తుంది, లేదా 9వ క్రోమోజోమ్ మీద ఆ జన్యువు కాపీలు పెరిగిపోతాయి. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్నవారిలో పీడీ-ఎల్1 60 శాతం వచ్చినా పీడీ-1 మందు ఒంటరిగా సరిగా పనిచేయకపోవడానికి ఒక కారణం ఇది. ఇంకో కారణం, పొగతాగనివారిలో వచ్చే ఈ కణితుల్లో మ్యుటేషన్లు తక్కువ, టీ కణాలకు పరాయిగా కనిపించే ముక్కలూ తక్కువే. ఒకే 60 శాతం, రెండు వేరు వేరు జబ్బులు.

నెలల తరబడి అదే ముక్కను చూస్తూ ఉండే టీ కణం క్రమంగా అలసిపోతుంది. టాక్స్ అనే ప్రొటీన్ నడిపే మార్పు ఇది. పీడీ-1తో పాటు టిమ్-3, లాగ్-3, టిజిట్ అనే మరిన్ని బ్రేకులు కూడా మొలుస్తాయి, డీఎన్ఏ చుట్టూ ఉండే అమరికే మారిపోతుంది. అలా చివరిదాకా వెళ్లిన కణాన్ని పీడీ-1 మందు తిరిగి నిలబెట్టలేదు. మందుకు స్పందించి కొత్త సైన్యాన్ని పుట్టించేది టీసీఎఫ్1 అనే ప్రొటీన్ ఇంకా మిగిలి ఉన్న, మూలకణాల్లాంటి చిన్న గుంపు. అవి ఎక్కువగా కణితి దగ్గరి లింఫ్ గ్రంథుల్లో ఉంటాయి. ఆపరేషన్‌కు ముందే ఇమ్యునోథెరపీ ఇవ్వడం వెనకున్న తర్కం అదే: గడ్డ, గ్రంథి రెండూ ఒంట్లో ఉండగానే టీ కణాలకు పని నేర్పడం. చెక్‌మేట్-816 ట్రయల్‌లో ఆపరేషన్‌కు ముందు కీమోతో పాటు నివోలుమాబ్ అనే పీడీ-1 మందు మూడు సార్లు ఇచ్చినప్పుడు, తీసిన ముక్కలో బతికున్న క్యాన్సర్ కణమే కనబడనివారు 24 శాతం. కీమో ఒక్కటే ఇచ్చినవారిలో 2.2 శాతం.

పీడీ-1 సంగతి ఎంత చెప్పుకున్నా, అసలు చూపించాల్సిన ముక్కనే దాచేస్తే ఆ మందుకు పనే ఉండదు. హెచ్ఎల్ఏ జన్యువులు 6వ క్రోమోజోమ్ మీద, ఒక కాపీ తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి ఉంటాయి. తొలి దశ నాన్-స్మాల్ సెల్ (ఊపిరితిత్తి క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే రకం) కణితుల్లో సుమారు 40 శాతం వాటిలో ఒక కాపీని పోగొట్టుకున్నాయని 2017లో ట్రేసర్‌ఎక్స్ బృందం చూపించింది. రెండూ ఎందుకు పోగొట్టుకోదు? హెచ్ఎల్ఏ పూర్తిగా లేని కణాన్ని ఎన్‌కే కణాలు అనే మరో రకం తెల్లకణాలు అనుమానించి చంపుతాయి. ఒక కాపీ పోతే ఆ కాపీ చూపించే ముక్కలు మాయమవుతాయి, ఎన్‌కే కణాలకు మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టే కనబడుతుంది. కొన్ని కణితుల్లో హెచ్ఎల్ఏను నిలబెట్టే బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ ప్రొటీన్ చెడి మొత్తం హెచ్ఎల్ఏ తరగతి-1 పైకే రాదు. మందుకు బాగా స్పందించి తర్వాత తిరగబెట్టిన కొందరిలో ఇది కనిపిస్తుంది.

కణితి ఒంటరిగా ఉండదు, కొన్ని తెల్లకణాలను తనవైపు తిప్పుకుంటుంది. టీ-రెగ్ కణాలు (మిగతా టీ కణాలను అదుపు చేసే రకం) తమ సీటీఎల్ఏ-4తో డెండ్రిటిక్ కణాల మీది సీడీ80, సీడీ86లను పీకి మింగేస్తాయి. పైన చెప్పిన రెండో సంకేతం అలా పోతుంది. సీడీ25తో, టీ కణాలు పెరగడానికి కావాల్సిన ఇంటర్‌ల్యూకిన్-2ను తాగేసి మిగతా టీ కణాల్ని ఎండగడతాయి. మాక్రోఫేజ్‌లు దాడిని చల్లార్చే ఇంటర్‌ల్యూకిన్-10 వదులుతాయి, తమ మీద కూడా పీడీ-ఎల్1 పెట్టుకుంటాయి. ఊపిరితిత్తి కణితుల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల వాటా ప్రత్యేకంగా పెద్దది. అవీ, వాటి పక్వం కాని బంధువులూ ఆర్జినేజ్ ఎంజైమ్‌తో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని తగ్గించేస్తాయి. ఆర్జినిన్ లేకపోతే టీ కణం తన గ్రాహకంలోని జీటా గొలుసును సరిగా తయారు చేసుకోలేదు.

దీని నీడ మామూలు రక్తపరీక్షలోనూ పడుతుంది. సీబీసీలో (రక్తకణాల లెక్క పరీక్షలో) న్యూట్రోఫిల్స్ మొత్తం సంఖ్యను లింఫోసైట్ల మొత్తం సంఖ్యతో భాగించండి. 5 దాటితే ఇమ్యునోథెరపీ ఫలితం సగటున తక్కువగా ఉంటుంది. ఈ అంకెను ఎప్పుడు కొలిచారన్నది ముఖ్యం. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చిన మర్నాడో, న్యుమోనియా ఉన్నప్పుడో చూస్తే అది కణితి గురించి ఏమీ చెప్పదు. దీన్ని బట్టి మందు ఆపడం, మొదలుపెట్టడం కూడా తప్పే.

కణితి లోపలి రసాయనాల గురించి చాలా రాయవచ్చు కానీ చికిత్సను ఇంకా పెద్దగా మార్చలేదు కాబట్టి త్వరగా దాటేస్తాను. చచ్చే కణం నుంచి బయటపడ్డ ఏటీపీ (కణంలో శక్తినిచ్చే అణువు) మామూలుగా ప్రమాద సంకేతం. సీడీ39, సీడీ73 ఎంజైమ్‌లు దాన్ని అడెనోసిన్‌గా మారుస్తాయి, అది టీ కణం మీది ఏ2ఏ గ్రాహకాన్ని తాకి నిద్రపుచ్చుతుంది. ఐడీఓ ఎంజైమ్ ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని కైనురెనిన్‌గా మార్చి టీ కణాలను అలాగే మందగింపజేస్తుంది. దీన్ని ఆపే ఎపకడోస్టాట్ మీద బోలెడు ఆశలు పెట్టుకున్నారు, 2018లో మెలనోమా (చర్మ క్యాన్సర్) పెద్ద ట్రయల్‌లో అది విఫలమయ్యాక ఊపిరితిత్తి ట్రయల్స్‌ను కూడా కుదించారు, కొన్నింటిని ఆపేశారు. పలకమీద బొమ్మ ఎంత అందంగా ఉన్నా, అడ్డంకి అక్కడున్నంత మాత్రాన దాన్ని తీస్తే ఫలితం వస్తుందని కాదు. రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ ప్రొటీన్ కథ కాస్త నయం: అది రక్తనాళాల లోపలి గోడ మీద టీ కణాలు పట్టుకునే అణువులను తగ్గిస్తుంది, డెండ్రిటిక్ కణాలను పక్వం కానివ్వదు. అందుకే అటెజోలిజుమాబ్ (పీడీ-ఎల్1 మందు), కీమోలతో వీఈజీఎఫ్‌ను ఆపే బెవాసిజుమాబ్ కలిపే పద్ధతి వచ్చింది.

జన్యు రిపోర్టులో ఎస్‌టీకే11 జన్యువు చెడినట్టు ఉందేమో తప్పక చూడండి. ముఖ్యంగా కేఆర్ఏఎస్ అనే క్యాన్సర్ జన్యువు మార్పుతో కలిసి ఉంటే. ఈ జన్యువు పోయిన కణితి, కణంలో డీఎన్ఏ ముక్కలు తేలుతుంటే ఇంటర్ఫెరాన్‌ను పిలిచే స్టింగ్ ప్రొటీన్‌ను నొక్కేస్తుంది. ఫలితంగా పొగతాగేవారి కణితి కాబట్టి మ్యుటేషన్లు బోలెడున్నా, టీ కణాలు రావు, పీడీ-ఎల్1 సాధారణంగా తక్కువ, న్యూట్రోఫిల్స్ ఎక్కువ. పీడీ-1 మందు ఒంటరిగా ఇక్కడ బలహీనం. కీప్1 అనే మరో జన్యువు కూడా చెడితే ఇంకా కష్టం. ఇలాంటివారికి కీమో, పీడీ-ఎల్1 మందులతో పాటు సీటీఎల్ఏ-4 మందు కలిపే ఆలోచనను వైద్యుడితో మాట్లాడటం సమంజసం.

ఇప్పుడు మీ సున్నా శాతం. రిపోర్టులోని పీడీ-ఎల్1 అంకెను టీపీఎస్ అంటారు, అంటే బతికున్న కణితి కణాల్లో ఎన్నింటి పొర మీద, కొంచెమైనా సరే, రంగు పట్టిందో దాని శాతం. విభాగాలు మూడు: 1 కంటే తక్కువ, 1 నుంచి 49, 50 ఆపైన. లెక్కకు కనీసం 100 బతికున్న కణితి కణాలు స్లైడ్ మీద ఉండాలి. అంతకంటే తక్కువ ఉంటే అది సున్నా కాదు, ‘చాలని నమూనా’. తప్పులు ఎక్కువగా జరిగేది ఇలా. గాలి గదుల మాక్రోఫేజ్‌లకు రంగు గట్టిగా పడుతుంది, వాటిని కణితి కణాలుగా లెక్కిస్తే శాతం పెరిగిపోతుంది. ఎముక నుంచి తీసిన ముక్కను గాఢ ఆమ్లంతో మెత్తబరిస్తే రంగు పట్టదు, అబద్ధపు సున్నా వస్తుంది. 10 శాతం బఫర్డ్ ఫార్మాలిన్‌లో 6 గంటల కంటే తక్కువ ఉంచినా నమ్మకం తగ్గుతుంది. ముందే కోసి నెలల తరబడి పెట్టిన స్లైడ్ల మీద చేయించడం కంటే బ్లాక్ నుంచి తాజాగా కోయించాలి. రంగు పట్టించడానికి వాడిన యాంటీబాడీ రకం (క్లోన్) కూడా చూడండి: 22సీ3, 28-8, ఎస్‌పీ263 దాదాపు ఒకేలా చదువుతాయి, ఎస్‌పీ142 కణితి కణాలను తక్కువగా చూపిస్తుంది. అన్నింటికీ మించి, సూది తీసింది గడ్డలో ఒక మూల. గ్రంథిలో తీసిన ముక్కకూ, ఊపిరితిత్తిలో తీసినదానికీ అంకె వేరుగా రావడం మామూలే.

ఇవన్నీ సరిగ్గా ఉండి నిజంగానే సున్నా అయితే, పీడీ-1 మందు ఒంటరిగా ఇచ్చే దారి మూసుకుంటుంది, కీమోతో కలిపి ఇచ్చే దారి కాదు. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే జన్యువుల్లో మార్పులు లేని, స్క్వామస్ (పొలుసుల కణాల రకం) కాని క్యాన్సర్‌లో జరిగిన కీనోట్-189 ట్రయల్‌లో పీడీ-ఎల్1 1 శాతం లోపు ఉన్నవారికి కూడా ఆ కలయిక వల్ల ఆయుష్షు పెరిగింది. 50 దాటినవారి సంగతి కూడా అతిగా ఊహించుకోకూడదు. కీనోట్-024 ట్రయల్‌లో పెంబ్రోలిజుమాబ్ అనే పీడీ-1 మందుతో మొదలుపెట్టినవారిలో ఐదేళ్లకు 31.9 శాతం బతికున్నారు, కీమోతో మొదలుపెట్టినవారిలో 16.3. తేడా పెద్దదే, అయినా మూడింట రెండు వంతులమందికి ఆ ఒక్క అడ్డంకి తీయడం చాలలేదు.

స్మాల్ సెల్ అనే వేగంగా పెరిగే రకం అయితే లెక్క మారుతుంది. అక్కడ హెచ్ఎల్ఏ చాలా తక్కువగా పైకి వస్తుంది, పీడీ-ఎల్1 కూడా తక్కువ. ఇమ్యూన్ వ్యవస్థకు అసలు కనబడదనీ కాదు: ఈ రోగుల్లో కొందరికి వచ్చే లాంబర్ట్-ఈటన్ అనే కండరాల బలహీనత, ఈ కణితి మీది కాల్షియం చానళ్లకు వ్యతిరేకంగా పుట్టిన యాంటీబాడీలు నరాలను కూడా తాకడం వల్లే వస్తుంది. ఐఎంపవర్133 ట్రయల్‌లో కీమోకు అటెజోలిజుమాబ్ కలిపితే మధ్యస్థ ఆయుష్షు 10.3 నెలల నుంచి 12.3కు మాత్రమే పెరిగింది. టార్లటామాబ్ అనే మందు ఈ చిక్కును పక్కనుంచి దాటుతుంది. ఒక కొనతో కణితి మీది డీఎల్ఎల్3 ప్రొటీన్‌ని, రెండో కొనతో టీ కణం మీది సీడీ3ని పట్టుకుని రెండింటినీ దగ్గరికి లాగుతుంది, మధ్యలో హెచ్ఎల్ఏ అవసరమే రాదు. అమెరికాలో 2024 మేలో దీనికి అనుమతి వచ్చింది.

మందు మొదలుపెట్టే ముందు క్రమం తప్పితే నష్టం జరిగే చోటు ఒకటుంది. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే ఫలితాలు రాకముందే పీడీ-1 మందు ఎక్కించకండి. తర్వాత ఈజీఎఫ్ఆర్ మార్పు ఉందని తేలి, దాన్ని ఆపే ఒసిమెర్టినిబ్ మాత్రలు మొదలుపెడితే ఊపిరితిత్తి వాపు ప్రమాదం పెరుగుతుంది, ముఖ్యంగా రెండింటి మధ్య మూడు నెలల వ్యవధి కూడా లేకపోతే. పీడీ-1 యాంటీబాడీ రక్తంలో, టీ కణాల మీద వారాల తరబడి ఉంటుంది, ఆపగానే పోదు. ఆగలేని పరిస్థితి అయితే మొదటి విడత కీమో ఒక్కటే ఇచ్చి, రిపోర్టు వచ్చాక రెండో విడత నుంచి కలపవచ్చు.

స్టెరాయిడ్ గురించి కూడా ఒక మాట. ఇమ్యునోథెరపీ మొదలుపెట్టే నాటికి రోజుకు ప్రెడ్నిసోలోన్ 10 మిల్లీగ్రాములు, ఆపైన వాడుతున్నవారిలో ఫలితాలు తక్కువ. కొంత భాగం స్టెరాయిడ్ అవసరపడేంత ముదిరిన జబ్బు వల్లే. ఆకలి కోసం, నీరసం కోసం వాడేదైతే తగ్గించే వీలుందేమో అడగండి. మెదడు వాపు కోసం ఇచ్చిందైతే మీ అంతట మీరు ముట్టుకోవద్దు. అదే పీడీ-1 మందు వల్ల ఊపిరితిత్తికి వాపు వస్తే స్టెరాయిడే చికిత్స. పొడిదగ్గు కొత్తగా మొదలైనా, మెట్లెక్కితే ఆయాసం పెరిగినా, ఆక్సిజన్ అంకె ఎప్పుడూ ఉండేదానికంటే తగ్గినా అదే రోజు చెప్పాలి. సీటీ తీసి, అవసరాన్ని బట్టి రోజుకు ఒంటి బరువు కిలోకు 1 నుంచి 2 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ మొదలుపెట్టి, కనీసం 4 నుంచి 6 వారాల మీద తగ్గిస్తారు. వారంలో ఆపేస్తే తిరగబెడుతుంది. మందు ఆపిన నెలల తర్వాత కూడా ఇది రావచ్చు. ఇమ్యూనిటీ పెంచుతాయని అమ్మే మూలికా గుళికలతో వచ్చే అసలు ఇబ్బంది కూడా ఇలాంటిదే: కాలేయ ఎంజైమ్‌లు పెరిగితే అది ఇమ్యునోథెరపీ వల్లనా, గుళికల వల్లనా తేలక, పనిచేస్తున్న మందును ఆపాల్సి వస్తుంది.

మొదటి స్కాన్‌లో గడ్డ పెరిగినట్టు కనబడితే ‘టీ కణాలు చేరి ఉబ్బింది’ అనే మాట వింటారు. ఊపిరితిత్తి క్యాన్సర్‌లో అలా జరిగేది నూటికి 5 మందికి కూడా ఉండదు. మనిషి తేరుకుంటుంటే 4 నుంచి 8 వారాల్లో మళ్లీ స్కాన్ తీసి తేల్చుకోవచ్చు. బరువు తగ్గుతూ, ఆయాసం పెరుగుతుంటే ఆ మాట మీద ఆశపెట్టుకుని కాలం పోగొట్టకండి. ఈలోగా మీ ల్యాబ్‌ను నాలుగు విషయాలు రాతపూర్వకంగా అడగండి: వాడిన క్లోన్ ఏది, లెక్కించిన కణితి కణాలు 100 దాటాయా, నమూనా ఏ చోటి నుంచి తీశారు, జన్యు పరీక్షలో ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, కేఆర్ఏఎస్‌తో పాటు ఎస్‌టీకే11, కీప్1 కూడా చూశారా.